చంద్లాపూర్ తోవలో కుంకుమ భరిణె

“ప్రపంచంల గొప్ప అపరాధ పరిశోధకులు ఇద్దరే ఉన్నరు దేవదాసూ. అండ్ల రెండోడు ఎవడో నాకింక తెల్వదు,” అన్నాడు పర్శరాములు.

ఇంతటి మాట అంటున్నప్పుడు ఆయన మా దవాఖానలో మందుల అల్మారీలోకి ఒక కాలు పెట్టి ఉన్నాడు. లోపలి గది తలుపు అనుకుని దాని తలుపు తీశాడు.

“అది అల్మారీ,” అన్నాను.

“ఎరుకే. తనిఖీ చేస్తున్న,” అని కాలు బయటికి తీసుకున్నాడు. దానితోపాటు ఒక దగ్గుమందు సీసా కూడా బయటికి వచ్చి పగిలింది.

పర్శరాములుకు సిద్దిపేట బజారులో గొడుగులు బాగుచేసే దుకాణం ఉంది. వానకాలమంతా గొడుగులు, మిగిలిన కాలమంతా నేరాలు. పట్నం నుంచి చిత్తుకాగితాల బండి మీద వచ్చే అపరాధ పరిశోధక నవలలను తూకానికి కొని చదివేవాడు. అవి లడాయి రోజులు, ప్రపంచమంతా యుద్ధం. కాగితానికి కరువు. ఆ పుస్తకాలు మా ఊరు చేరేసరికి చివరి పేజీలన్నీ ఎక్కడో పల్లీల పొట్లాలైపోయి ఉండేవి. అందువల్ల పర్శరాములు లెక్కలేనన్ని హత్యలు చదివాడు కాని, హంతకుడు ఎవరో ఒక్క దాంట్లోనూ తెలుసుకోలేదు. ఆ లోటు ఆయన ధైర్యాన్ని ఏమీ తగ్గించలేదు.

నేను దవాఖానలో కంపౌండరును. పర్శరాములుకు చిన్ననాటి స్నేహితుణ్ని. ఈ రెండు ఉద్యోగాల్లో జీతం వచ్చేది మొదటిదానికే.

“కేసొచ్చింది. మామూలు కేసు కాదు. వింటే నీ రక్తం గడ్డకడ్తది. రా సేటూ, లోపటికి రా!” అని పర్శరాములు కేకేశాడు.

లోపలికి వచ్చినవాడు మిఠాయి దుకాణం రాజమల్లయ్య. ఆయన చేసే లడ్డూలు హుస్నాబాద్ నుంచి కూడా జనాన్ని రప్పిస్తాయి. మనిషి బూందీ గరిటె పట్టుకునే వచ్చాడు. కంగారులో దాన్ని దించడం మరిచిపోయినట్టుంది.

“మా ఇంట్ల ఏదో శుభకార్యం ఉన్నదట కంపౌండరూ,” అన్నాడాయన దీనంగా. “ఎవరిదో, ఎన్నడో నాకు తెల్వదు.”

“నీ ఇంట్ల కార్యం నీకు తెల్వదా?”

“తెలిస్తే ఈన కాడికి ఎందుకొస్త?” అని పర్శరాములును గరిటెతో చూపించాడు.

సంగతి ఇది. రాజమల్లయ్య భార్య అమృతమ్మ ఎండకాలం నుంచి రోజూ పొద్దున్నే పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె చేతబట్టుకుని, చంద్లాపూర్ తోవ పట్టి గబగబా వెళుతోంది. పొద్దెక్కాక చెమటలు కక్కుకుంటూ తిరిగి వస్తోంది. భరిణెతో ఆడమనిషి గడప దాటిందంటే బొట్టు పెట్టి ఎవరినో పిలవడానికే. పిలిచిందంటే ఇంట్లో కార్యం ఉన్నట్టే. కాని రాజమల్లయ్యకు పెళ్లి చేయవలసిన పిల్లలు మిగల్లేదు, పేరు పెట్టవలసిన మనవళ్లు ఇంకా పుట్టలేదు.

“దుకాణానికొచ్చినోళ్లు సూటిగ అడుగరు. ‘ఏం సేటూ, ఈ నడుమ మీ ఇంటామె మస్తు తిరుగుతుంది, మా గల్లీ మొకం మాత్రం చూస్తలేదు’ అంటరు. నాకు తల కొట్టేసినట్టైతది.”

“ఆమెనే అడుగకపోయినవా?”

“అడిగిన! కాలు బయట పెట్టంగ ‘ఏడికి?’ అన్న. ‘పోయెటప్పుడు ఏడికని అడుగుతరా’ అని మళ్ల లోపటికొచ్చి, కూసోని, మంచినీళ్లు తాగి, మళ్ల లేసి పోయింది. అంతల నా పాకం మాడింది. తెల్లారి మళ్ల అడిగిన. మళ్ల కూసున్నది, మళ్ల తాగింది, మళ్ల పాకం మాడింది. అడుగుడు బంద్ జేసిన.”

“వచ్చినంక అడుగొచ్చు గద?”

“వచ్చేటాలకు దుకాణం నిండ మంది ఉంటరు. గప్పుడు నాకు నా పేరు కూడ యాదికుండది. ఒక్కటి మాత్రం తప్పదు. పొద్దుగాల మొదటి లడ్డు ఆమె చేతుల పెడ్త. మా లగ్గమైనప్పటి సంది గదే రివాజు. ‘బాగున్నది’ అంటేనే గంగాళం దుకాణంలకు పోతది. ఇప్పుడు కూడ బాగున్నదంటది. గంతే, భరిణె పట్టుకోని మాయం.” ఆయన గొంతు గట్టిపడింది. “ఐతారం దాక చూస్త. గాలోపల సంగతి తేలకపోతే ఆమెను గడప దాటనియ్య.”

నా చేతిలోని సీసా పెంకు జారి కిందపడింది. పర్శరాములు దాన్ని చూడలేదు. చూస్తే కేసు అక్కడే తేలిపోయేది. ఎందుకంటే అమృతమ్మ ఎక్కడికి, ఎందుకు వెళుతోందో సిద్దిపేట మొత్తంలో ఆమె కాక తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకరు డాక్టర్ సాబు, రెండు నేను.

ఎండకాలంలో ఒకరోజు ఆమె చీర చెంగు కింద చిన్న సీసా దాచుకుని వచ్చింది. “పెరట్ల తానం బండ మీద చీమలు బారులు పడుతున్నయ్ తమ్మీ. నేను ఒంటికి పోయినంకనే పడుతున్నయ్,” అంది. నేను గాజు గొట్టంలో నీలం మందు పోసి, సీసాలోది కొన్ని చుక్కలు కలిపి, స్పిరిట్ దీపం మీద కాచాను. నీలం ఆకుపచ్చయింది, పసుపయింది, చివరికి ఇటుకరాయి రంగుకు వచ్చి ఆగింది. చక్కెర ఎంత ఎక్కువుంటే అంత ఎరుపు. అంతకంటే ఎర్రగా ఆ మందు మారదు.

“మా అక్క సిద్ధమ్మకు గిదే బీమారి,” అంది ఆమె ఆ గొట్టాన్ని చూస్తూ. “కాల్ల ముల్లు గుచ్చుకున్నది. గంతే. గా పుండు మానలే. కాలు తీసిన్రు, మనిషి దక్కలే. నేను బతకాలె. ఏం చెయ్యాలె చెప్పు.”

సూదిమందు పట్నం నుంచి రావాలి, లడాయి వల్ల అది రావడం లేదు. డాక్టర్ సాబు తీపి మానమన్నాడు, అన్నం తగ్గించమన్నాడు, రోజూ నడవమన్నాడు. “జోరుగ నడువాలె. పక్కమనిషితోటి మాట్లాడ రావాలె, పాట పాడితే మాత్రం ఆయాసం రావాలె. గంత జోరు,” అన్నాడు.

“నడుస్త. కాని ఏం పని మీద నడువాలె సాబ్?” అంది అమృతమ్మ.

డాక్టర్ సాబుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకు అయింది. పెరిగిన పిల్లలున్న ఇల్లాలు ఏ పనీ లేకుండా తోవ వెంట పోయి, ఏ పనీ లేకుండా తిరిగొస్తే ఊరుకునే ఊరు కాదు మాది. బిందె పట్టుకుందామంటే వాళ్లింట్లోనే బావి ఉంది. “చెంబు పట్టుకోని చంద్లాపూర్ తోవల గంత దూరం పోతే నా కడుపుకేమో అయిందంటరు,” అంది. నిజం చెబుదామా అంటే, మిఠాయి దుకాణం ఇంటామెకు చక్కెర బీమారి అని తెలిస్తే ఆ లడ్డూ ఇక ఎవరు కొంటారు? చాలాసేపు ఆలోచించి భరిణె సంగతి ఆమే కనిపెట్టింది. శుభం పని మీద పోయేవాళ్లను ఎక్కడికని అడగకూడదు. ఎవరింట్లో కార్యమని అడిగితే పిలుపు కోసం చెయ్యి చాచినట్టు. కాబట్టి భరిణె పట్టుకున్న ఆడమనిషికి ఊరు ఊరంతా దారి ఇస్తుంది, నోరు మూసుకుంటుంది.

ఇదంతా నేను ఒక్క ముక్కలో చెప్పేసి ఉండవచ్చు. కాని ఉద్యోగంలో చేరిన రోజే డాక్టర్ సాబు నా బైబిల్ మీద నా చేతనే చెయ్యి వేయించాడు. రోగి చెప్పింది గడప దాటకూడదు. ఆ సాయంత్రమే అమృతమ్మను కలిసి, భర్తకు చెప్పమని బతిమాలాను. “వద్దు తమ్మీ. నా పానం కోసం ఆయన దుకాణం ముయ్యాల్నా? నువ్వు చెప్పినవంటే నీ బైబిల్ మీద ఒట్టే,” అంది. రెండు వైపులా తలుపులు మూసుకుపోయాయి.

నన్ను పీడిస్తున్నది ఇంకొకటి కూడా ఉంది. రోజూ పొద్దున్నే ఆమె లడ్డూ తింటోందా? తింటే, నెలనెలా ఆమె తెచ్చే సీసాకు నా గొట్టం రంగు ఎలా దిగుతోంది? తినకపోతే, ఆ లడ్డూ ఏమవుతోంది? అడిగితే నవ్వేది. ఇది మాత్రం నాకూ తెలియని కేసు.

మర్నాడు పొద్దున పర్శరాములు వెంబడింపు మొదలుపెట్టాడు. సాక్షిగా నన్నూ లాక్కుపోయాడు. బయల్దేరేముందు పర్శరాములు ఇంటి ముందు నిలబడితే ఆయన భార్య చంద్రవ్వ చెంబెత్తి గటగటా నీళ్లు తాగుతూ కనిపించింది.

“గొడుగేంది? చలికాలంల గొడుగేంది? వానొస్తుందా?” అంది మూతి తుడుచుకుంటూ.

“ఇది గొడుగు కాదు, మారువేషం.”

“గా వేషంల పోతూ పోతూ కట్టెలు తెమ్మంటే తెస్తవా?”

“నేరగాండ్లు కట్టెల కోసం ఆగుతరా చంద్రవ్వా?” అని ఆయన గొడుగు విప్పుకుని ముఖం దాచుకున్నాడు. చంద్రవ్వ ఇంకో చెంబు ముంచుకుంది.

“మా ఇంటామె కుండ కుండంత తాగుతుంది ఈ నడుమ. నీళ్లు మోయలేక నా నడుములు పోతున్నయ్,” అన్నాడు తోవలో. “గది గాదు గాని, నిఘా పెట్టు. పరిశోధకుని కంట్లెకెల్లి ఒక్క చిన్న వస్తువు కూడ తప్పించుకపోదు.”

అమృతమ్మ ముందు వెళుతోంది. ఆమె నడక డాక్టర్ సాబు చెప్పిన జోరులో ఉంది. మేము ఆయాసపడుతున్న జోరులో ఉన్నాం. తోవలో వాళ్లంతా ‘రాం రాం పర్శరాములూ’ అని గొడుగును పలకరిస్తున్నారు. తాటివనం దాకా పోయాక ఆమె చటుక్కున వెనక్కి తిరిగింది.

“ఏం పర్శరాములు తమ్మీ, గిట్లొచ్చినవ్?”

“నేను పర్శరాములును కాను,” అంది గొడుగు.

“మరి మా గొడుగు నీ చేతికెట్ల వచ్చింది? బాగు చెయ్యమని ఇచ్చి రెండు వానకాలాలైంది.”

గొడుగు ఇంకొంచెం కిందికి దిగింది. అమృతమ్మ ముందుకు సాగి తాటిచెట్ల మలుపులో కనబడకుండా పోయింది. మేము మలుపు తిరిగేసరికి తోవ మధ్యలో ఒక బర్రె అడ్డంగా నిలబడి ఉంది. అది మూతి నాకుకుంటూ పర్శరాములు వంక ఏదో ఆశగా చూసింది. ఆయన చేతులు వాసన చూసింది. ఏమీ లేకపోయేసరికి తలతో ఒక్క తోపు తోసింది. ఆయన, గొడుగు వేరువేరుగా తోవ పక్కనున్న గుంతలో పడ్డారు.

“చూసినవా?” అన్నాడు గుంతలోంచే. కళ్లు మెరుస్తున్నాయి. “ముఠా! గా బర్రె ఆమె అనుచరురాలు. కాపలకు పెట్టింది!”

అప్పటికి ఆయన సిద్ధాంతం శత్రుదేశపు గూఢచారులదాకా వెళ్లింది. భరిణెలోని కుంకుమతో ఇళ్లకు గుర్తులు పెడుతున్నారు, ఆ గుర్తుల మీద విమానాలు బాంబులు వేస్తాయి. సిద్దిపేటలో బాంబు వేయదగింది ఏముందని అడిగాను. “నా దుకాణం,” అన్నాడు.

మధ్యాహ్నం రాజమల్లయ్య పెరట్లో నేల పరిశోధన జరిగింది. పర్శరాములు భూతద్దం పట్టుకుని బోర్లా పడుకున్నాడు. కాసేపటికి పెనుకేక వేశాడు.

“సేటూ! చీమలు!”

“మిఠాయి చేసే ఇల్లు. చీమలు ఉండవా?”

“ఉంటయ్. కాని గీ చీమల దారి చూడు! బూందీ గంగాళం ఇటున్నది. ఇవి అటు, తానం బండ దిక్కు పోతున్నయ్. మిఠాయి ఇంటి చీమ మిఠాయిని ఇడిసిపెట్టి బండ కిందికి ఎందుకు పోతది?”

నేను గోడ వంక చూశాను. సిద్దిపేట చరిత్రలో ఒక నిజానికి అంత దగ్గరగా బోర్లా పడుకున్న మనిషి ఇంకొకడు ఉండడు.

“ఎందుకు పోతది?” అన్నాడు రాజమల్లయ్య.

“బండ కింద చక్కెర పాతిపెట్టి ఉన్నది కాబట్టి! కంట్రోలు చక్కెర!” పర్శరాములు లేచి నిలబడ్డాడు. ముక్కు మీద రెండు చీమలున్నాయి. “ఒక్కటి చెప్పు సేటూ. ఈ చీమలు ముందుగాల ఎక్కువుండెనా, ఇప్పుడు ఎక్కువున్నయా?”

“ఎండకాలంల మస్తుండె. రాను రాను సన్నబడ్డయ్. ఇప్పుడేదో నాలుగు తిరుగుతున్నయ్.”

“అంటే సరుకు బయటికి పోతుంది! దేంట్లె పోతుంది? భరిణెల! ఎటు పోతుంది? చంద్లాపూర్ తోవల! నల్లబజారు, సేటూ, నల్లబజారు! నీ కొంపల నల్లబజారు!”

రాజమల్లయ్య ముఖం తెల్లబడింది. సర్కారు లెక్కకట్టి ఇచ్చే కంట్రోలు చక్కెర పర్మిట్టు మీద బతికే మనిషి. నల్లబజారు మాట పోలీసు అమీన్ సాబు చెవిన పడితే జైలే. “ఐతారం దాకెందుకు, ఇయ్యాలనే భరిణె గుంజుకుంట,” అన్నాడు.

“వద్దు,” అని నేను, పర్శరాములు ఒకేసారి అరిచాం. మా కారణాలు వేరు.

“సాక్ష్యాలు కావాలె,” అన్నాడు పర్శరాములు. “నాకిడిసిపెట్టు.”

ఆయన సాక్ష్యాలు సేకరించిన పద్ధతి ఇది. ఇల్లిల్లూ తిరిగాడు. “అమృతమ్మ మీకు బొట్టు పెట్టిందా? ఐతారం గురించి ఏమన్న చెప్పిందా?” అని గుట్టుగా, కిటికీల్లోంచి కూడా వినబడేంత గుట్టుగా అడిగాడు. దేశంలో ఏ మనిషినైనా ఇలా అడిగితే ఏం అర్థం చేసుకుంటాడో మా ఊరివాళ్లూ అదే చేసుకున్నారు. ఐతారం నాడు రాజమల్లయ్య ఇంట్లో కార్యం ఉంది, మనల్ని పిలవడం మరిచిపోయారు, ఇప్పుడు గొడుగుల పర్శరాములుతో నాజూగ్గా కబురు పెడుతున్నారు.

శనివారం సాయంత్రం ఆయన నా దగ్గరికి వచ్చాడు. “ఎవరికి బొట్టు పెట్టలే దేవదాసూ. ఒక్కరికి కూడ! అంటే పిలుపంత నాటకమే. ఊరంత నారాజ్ ఉన్నది. ‘నారాజ్ కాకుండ్రి, పొద్దుగాల సేటింటి ముంగట జమ కాండ్రి, అంత తేలుతది’ అని అందరికి చెప్పిన.”

“అందరికా?”

“పుస్తకాలల్ల గట్లనే ఉంటది. నేరం తేల్చెటప్పుడు అందర్ని ఒక్క జాగల నిలబెట్టాలె.”

“నిలబెట్టినంక?”

పర్శరాములు జేబులోంచి భూతద్దం తీసి తుడిచాడు. “గంతవరకే ఉంటది,” అన్నాడు. “గా తర్వాత పేజీలుండయ్.”

మర్నాడు, ఐతారం పొద్దున రాజమల్లయ్య ఇంటి ముందు నిలబడడానికి చోటు లేదు. ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకుని, రవికె గుడ్డలు, కొబ్బరికాయలు పళ్లాల్లో పెట్టుకుని వచ్చారు. పిల్లలకు తలస్నానాలు చేయించారు. చంద్రవ్వ ముందు వరసలో ఉంది. డప్పులవాళ్లు ఎవరూ పిలవకుండానే వచ్చి, గడ్డిమంట వేసి డప్పులు కాచుకుంటున్నారు. అందరికంటే ముందు అరుగు మీద ముసలి బుచ్చవ్వ కూచుని ఉంది. ఆ గల్లీలో బుచ్చవ్వ లేకుండా ఏ కార్యమూ ప్రారంభం కాదు. ప్రారంభమైనట్టు ఆమె ఒప్పుకోదు.

రాజమల్లయ్య గరిటెతో బయటికి వచ్చి ఆ జనాన్ని చూసి అక్కడే ఆగిపోయాడు. అప్పుడే లోపలి నుంచి పట్టుచీరలో, ఇత్తడి భరిణె రొమ్ముకు అదుముకుని అమృతమ్మ వచ్చింది. ఆ భరిణె చిన్నది కాదు, ఆమె పెళ్లినాటిది, దాదాపు కొబ్బరికాయంత ఉంటుంది. లోపల ఒక అర కుంకుమకు, ఒక అర పసుపుకు. గడప మీద ఆగి, జనాన్ని చూసి, నా వంక చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. నేను చెప్పలేదు తల్లీ అని.

“ఏం కార్యమే అమృతమ్మా?” అంది బుచ్చవ్వ. ఇన్ని నెలలుగా సిద్దిపేట నోట్లో పెట్టుకుని తిరుగుతున్న ప్రశ్న ఎట్టకేలకు బయటపడింది.

అమృతమ్మ గడప మీంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

“నేను చెప్త!” అని పర్శరాములు అరుగెక్కాడు. “సోదరులారా, సోదరీమణులారా! మీ కండ్ల ముంగట కనపడుతున్న ఈ పసుపు కుంకాల వెనుక భయంకరమైన రహస్యం దాగి ఉన్నది! భూతద్దానికి తప్ప ఎవరికి కనపడని రహస్యం!”

“దిగు,” అంది చంద్రవ్వ కింద నుంచి.

“సేటూ, నీ భార్య గీ భరిణెల ఏం మోస్తుందో చూడు! చక్కెర!”

అమృతమ్మ ఉలిక్కిపడి భరిణెను ఇంకా గట్టిగా అదుముకుంది. పర్శరాములు దూకి దాన్ని లాక్కున్నాడు. విజయగర్వంతో పైకెత్తి పట్టుకున్నాడు. ఎత్తి పట్టుకున్న చేయి మెల్లగా వణికింది. తర్వాత భుజం వణికింది. తర్వాత మనిషంతా గంతులు వేయడం మొదలుపెట్టాడు. భరిణె సందులోంచి చీమలు బారుకట్టి చొక్కా చేతిలోకి దిగుతున్నాయి. డప్పులవాళ్లు ప్రారంభమైందనుకుని వాయించడం మొదలుపెట్టారు.

భరిణె గాలిలోకి ఎగిరింది. మూత ఊడింది. సగం కుంకుమ పర్శరాములు ముఖాన పడింది. పసుపు ఉండవలసిన అరలోంచి గుండ్రని వస్తువొకటి కిందపడి, మెట్టు మెట్టు మీదా ఎగిరి, దొర్లుకుంటూ పోయి రాజమల్లయ్య కాలివేళ్ల దగ్గర ఆగింది.

లడ్డూ.

డప్పులు ఆగిపోయాయి. నా కేసు తేలిపోయింది. కాని నాకు సంతోషం కలగలేదు. ఎందుకంటే రాజమల్లయ్య వంగి ఆ లడ్డూను చేతిలోకి తీసుకుని, తన లడ్డూను తాను గుర్తుపట్టాడు.

“గిది ఇందాక నీ చేతుల పెట్టింది. బాగున్నదన్నవు,” అన్నాడు.

“అన్న.”

“తినకుంటనే అన్నవా?”

అమృతమ్మ మెట్టు దిగి వచ్చి లడ్డూ కోసం చెయ్యి చాచింది. ఆయన ఇవ్వలేదు.

“ఎన్నొద్దుల సంది?”

“ఎండకాలం సంది.”

రాజమల్లయ్య మెట్టు మీద కూలబడ్డాడు. పెళ్లయిన నాటి నుంచి ఆ దుకాణం ఆమె నాలుక మీద నడుస్తోంది. ఇన్ని నెలలుగా నాలుక లేకుండా నడిచిందన్నమాట. “ఎందుకే?” అన్నాడు. “నా చేతి తీపి నీకు చేదైందా?”

ఆ మాటకు ఆమె దాచుకున్నదంతా తెగిపోయింది.

“మా అక్క బీమారి నాకొచ్చింది,” అంది. ఊరంతా వింటోందని కూడా చూడలేదు. “చక్కెర బీమారి. తీపి తినద్దన్నరు, నడువుమన్నరు. ఉత్తగ నడుస్తే మంది ఏమంటరు? గందుకే భరిణె పట్టిన. చెప్తే నీ దుకాణం ఏమైతదో అని చెప్పలే. లడ్డు పారేసుడు పాపమని తాటివనం కాడ దుర్గవ్వ బర్రెకు పెడ్తున్న.”

“ఓ యవ్వ! గందుకేనా?” అంది జనంలోంచి దుర్గవ్వ. “పొద్దుగాల కట్టు ఇప్పంగనే తోవ మీదికి ఉరుకుతుంది! నేను దానికి గాలి సోకిందని తాయెత్తు కట్టించిన గదనే!”

ఎవరూ నవ్వలేదు. రాజమల్లయ్య లడ్డూ వంక చూస్తున్నాడు. వదినె సిద్ధమ్మను హుస్నాబాద్ నుంచి దవాఖానకు తెచ్చిన బండిని తోలింది ఆయనే. బండిలో కాలు ఏ స్థితిలో ఉండిందో చూసింది ఆయనే.

“మరి బాగున్నదో లేదో నీకెట్ల తెలిసె?” అన్నాడు.

“వాసన. నీ పాకం వాసన నాకు తెల్వదా? రెండుసార్లు మాడితె మాడిందని చెప్పలేదా?”

“చెప్పినవు.” ఆయన ఆ లడ్డూకు అంటిన దుమ్ము దులిపి, చీమలను ఊది, సగం కొరికి నమిలాడు. ఊరంతా ఆ దవడల వంక చూసింది. తన లడ్డూను తాను ఎన్నడూ రుచి చూడని మనిషి. “బాగున్నది,” అన్నాడు. అని, తూర్పు వైపు చూసి, “ఇంకా నిలబడ్డవేంది? పొద్దెక్కుతలేదా? పో, నడువు,” అన్నాడు.

ఆయన ఎక్కడికి అని అడగలేదు.

“అట్లెట్ల పోతది?” అంది బుచ్చవ్వ. “కొబ్బరికాయ పట్టుకొచ్చిన. కార్యమేందో తేలాలె గద!”

అమృతమ్మ భరిణె తీసుకుంది. అడుగున ఇంకా కొంచెం కుంకుమ ఉంది. వేలితో తీసి బుచ్చవ్వ నుదుట పెట్టింది. “రేపు పొద్దుగాల నాతోటి నడువ రావాలె పెద్దమ్మా. గిదే కార్యం,” అంది. దుర్గవ్వకు పెట్టింది. చంద్రవ్వకు పెట్టింది. కుంకుమ అయిపోయేదాకా పెడుతూ పోయింది. అయిపోయాక పర్శరాములు ముఖం మీద ఉన్నది తీసి పెట్టింది.

బుచ్చవ్వ గడ్డం కింద వేలు పెట్టుకుని ఆలోచించింది. “బొట్టు పెట్టినంక పోకుంట ఎట్ల?” అంది. దాంతో అది శాసనమైంది. రాజమల్లయ్య, వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపడం ఎలా అని ఆ రోజు గంగాళం గంగాళమంతా పంచిపెట్టాడు. మిఠాయి ఇంటామెకు చక్కెర బీమారి అని తిన్నవాళ్లెవరూ లడ్డూ దించలేదు. మర్నాడు కొనడానికీ వచ్చారు.

ఆ మర్నాటి నుంచి చంద్లాపూర్ తోవలో పొద్దున్నే ఒక ఊరేగింపు. అందరూ పెళ్లీడు దాటిన పిల్లలున్న ఇల్లాండ్రే. అందరి చేతుల్లోనూ భరిణెలే. ఇప్పుడు అవసరం లేదు గదా అంటే, “ఉత్త చేతులతోటి నడుస్తే మంచిగుంటదా?” అన్నారు. బుచ్చవ్వ మాత్రం తాటివనం దాకా పోయి, అక్కడ కూచుని, మిగిలినవాళ్లు సరిగ్గా నడుస్తున్నారో లేదో చూసేది. దుర్గవ్వ బర్రె కొన్నాళ్లు తోవ మీద నిలబడి, నిలబడి, ప్రపంచం మీద విశ్వాసం పోయి మానుకుంది. అమృతమ్మ గొట్టం ఆ నెల ఆకుపచ్చ దగ్గర ఆగింది.

పర్శరాములు చీమకాట్లు మానేదాకా దవాఖానకు వచ్చి కట్టు కట్టించుకున్నాడు. వచ్చినప్పుడల్లా, “భరిణెల తీపి ఉన్నదని ముందుగాల చెప్పింది ఎవరు?” అని అడిగేవాడు. నేను కట్టు ఇంకొంచెం బిగించేవాణ్ని.

అలాంటి ఒక రోజు, ఆయన వెళ్లిన కాసేపటికి చంద్రవ్వ వచ్చింది. చెంగు కింద సీసా ఉంది.

“నడిసెటప్పుడు అమృతమ్మక్క చెప్పింది, దప్పి ఎక్కువైతే ఒకసారి చూపించుకొమ్మని,” అంది. కుండలోంచి నీళ్లు ముంచుకు తాగి, మళ్లీ ముంచుకుంది. నేను దీపం వెలిగించాను. నీలం ఆకుపచ్చయింది. పసుపయింది. అక్కడ ఆగమని నేను మనసులో వేడుకున్నాను. ఆగలేదు.

చంద్రవ్వ గొట్టాన్ని, నా ముఖాన్ని మార్చి మార్చి చూసింది. “ఆయనకు చెప్పకు దేవదాసన్నా,” అంది. “పైకి గట్ల మాట్లాడ్తడు గాని, తెలిస్తే తిండి తినడు. మందులు వచ్చేదాక నడుస్త. వాళ్లకంటె ముందుగాల లేసి, వాళ్లకంటె దూరం నడుస్త.”

వారం తిరక్కుండానే పర్శరాములు దవాఖానలోకి దూసుకొచ్చాడు. ఈసారి సరైన తలుపులోంచే వచ్చాడు. దాన్నిబట్టే సంగతి గంభీరమైందని నాకు అర్థమైంది.

“దేవదాసూ, మా ఇంట్ల ఘోరం జరుగుతుంది! చంద్రవ్వ అందరికంటె ముందుగాల లేసి పోతుంది. అందరికంటె వెనుకకొస్తుంది. భరిణె పట్టుకోని!”

“నడువబోతుందేమో.”

“మిగిలినోళ్లు నడుస్తరు. వాళ్లకు బీమారి ఉన్నది, లేకుంటే బీమారి భయమున్నది. మా ఇంటామెకు ఏ బీమారి లేదు. నీళ్లు తాగి నిమ్మళంగ ఉంటది. బీమారి లేని మనిషి నడుస్తుందంటే ఏందన్నట్టు? కుట్ర!” ఆయన కుర్చీలో కూచున్నాడు. గొంతు మొదటిసారి తగ్గింది. “ఏం చెయ్యాల్నో చెప్పు దేవదాసూ. ఆమె గురించి నాకెందుకో భయమైతుంది.”

నా బల్ల మీద గొట్టం కడిగి బోర్లించి ఉంది. దాని పక్కన బైబిల్ ఉంది.

“వెంబడించు,” అన్నాను.

“రోజూనా?”

“రోజూ. గొడుగు లేకుండ, పక్కపక్కనే పో. మాట్లాడిచ్చుకుంట పో. ఒక్క పొద్దు కూడ తప్పిపోనియ్యకు.”

“నడుమ యాడన్న నిలబడితే?”

“నిలబడనియ్యకు పర్శరాములూ,” అన్నాను. “ఏం చేసి అయినా నిలబడనియ్యకు.”